జాకెట్ ముక్కకు బిల్లుంది, పాముకు లేదు

సంపాదకులకు నమస్కారం.

నేను విజయవాడ వస్త్రలత మార్కెట్లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో 22 ఏళ్లుగా బిల్లులు రాస్తున్నాను. మొదట్లో కార్బన్ పేపరు పెట్టి చేత్తో రాసేదాన్ని, ఇప్పుడు కంప్యూటర్లో కొడుతున్నాను. 120 రూపాయల జాకెట్ ముక్కైనా సరే, కాగితం లేకుండా మా కౌంటర్ దాటదు. అలాంటి నా ఇంట్లోకే 18,000 రూపాయల పాము ఒకటి చిన్న చీటీ కూడా లేకుండా వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా మా అబ్బాయిలాంటి పిల్లలు ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారని తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

మావాడికి 23 ఏళ్లు. చిన్నప్పుడు రంగు చేపలు, తర్వాత లవ్ బర్డ్స్, ఇప్పుడిది. బాల్ పైథాన్ అంటారు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల పాము. విషం ఉండదు. భయపడితే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరట. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి వచ్చి ఐదు వారాలు కాలేదు, ఇంట్లోకే దిగింది. నాగుల చవితి ఇంటికే వచ్చిందిలే అని మా ఆడపడుచు నవ్వింది. నేను నవ్వలేదు. పాలు పెట్టాలా అని అడిగితే మావాడు నవ్వాడు. పాములు పాలు తాగవట, ఎలుకపిల్లలే తింటాయట.

పామును బెంగళూరు నుంచి ఏసీ బస్సులో పంపారు. తెల్లవారుజామున ఐదున్నరకి వారధి దగ్గర బస్సు ఆగితే, క్లీనర్ ఒక అట్టపెట్టె మావాడి చేతిలో పెట్టి 300 రూపాయలు తీసుకున్నాడు. పెట్టెలో చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో గుడ్డ సంచి, సంచిలో పాము. డిసెంబరు నెల. పది పన్నెండు గంటలు ఆ చల్లటి బస్సులో వచ్చింది. ఉంచే గాజు పెట్టెలో వెచ్చటి వైపు 31, 32 డిగ్రీలు ఉంటే గానీ బాగుండని ప్రాణి అది. సంచి మీద చెయ్యి పెడితే ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు ప్యాకెట్‌లా తగిలింది.

అమ్మినతను 300 గ్రాముల బరువు ఉందన్నాడు. నాకు తూకం మీద అనుమానం జాస్తి, వృత్తి అలాంటిది. వంటింట్లో కేకుల కోసం కొన్న చిన్న త్రాసు తెచ్చి, కందిపప్పు డబ్బా ఖాళీ చేసి, డబ్బా బరువు తీసేసి చూస్తే 214. ఆ రోజే పాత నోటుబుక్కులో తారీఖు వేసి రాశాను. అప్పటి నుంచి వారానికోసారి తూకం వేస్తూ, తిన్నదా లేదా, కుబుసం విడిచిందా లేదా అన్నీ రాస్తున్నాను. 214, 209, 201. ఎలుకపిల్లను పెడితే మొహం తిప్పుకుంది. అమ్మినతన్ని అడిగితే ఈ జాతి పాములు ఆరోగ్యంగా ఉన్నా నెలల తరబడి తినకుండా ఉంటాయన్నాడు. తర్వాత డాక్టరు గారిని అడిగితే అది నిజమేనన్నారు. నిజాన్ని అడ్డుపెట్టుకుని చెప్పే మాటను పట్టుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు అర్థమైంది.

మూడో వారంలో శబ్దం మొదలైంది. జలుబు చేసిన పసిపిల్ల ముక్కులో గురగురమంటుందే, అలా. రాత్రి ఫ్యాను ఆపితే గదంతా వినిపించేది. తల పైకెత్తి గాజుకు ఆనించి, నోరు కాస్త తెరుచుకుని ఉండేది. టార్చ్ వేసి చూస్తే ముక్కు రంధ్రం దగ్గర సబ్బు నురగలాంటి చిన్న బుడగ వస్తోంది, పగులుతోంది, మళ్లీ వస్తోంది. పాములంటే నాకు ప్రాణం పోయేంత భయం. కానీ ఆ బుడగను చూసిన రాత్రి భయం పోయి వేరే బాధ పట్టుకుంది.

మొదట వెళ్లిన చోట కుక్కలు, పిల్లులే చూస్తామన్నారు. రెండో చోట పెట్టె మూత కూడా తియ్యనివ్వలేదు. నాలుగైదు ఫోన్లు చేశాక గన్నవరం వైపు ఒక డాక్టరు గారు చూస్తామన్నారు. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్. పాములు పెంచే పిల్లలు దీన్నే ఆర్‌ఐ (రెస్పిరేటరీ ఇన్ఫెక్షన్) అంటారట. మనకు ఉన్నట్టు పాములకు ఛాతీకి, పొట్టకు మధ్య ఆ కండరపు పొర ఉండదట, దగ్గడం చేతకాదట, లోపల పట్టిన కఫం లోపలే ఉండిపోతుందట. మూడు రోజులకో ఇంజక్షన్, అలా ఏడు. ఇంజక్షన్ తోక వైపు చేయకూడదు. వెనక భాగంలోని రక్తం ముందు మూత్రపిండాల గుండా పోతుంది కాబట్టి మందు పని చేయకముందే బయటికి పోతుందని, తల వైపు భాగంలోనే వేశారు. ఈలోగా మావాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఆఖరి నాలుగు ఇంజక్షన్లకు పామును పట్టుకున్నది నేనే. గిన్నెలు దించే గుడ్డతో మొదలుపెట్టి చివరికి ఉత్త చేతులతోనే పట్టుకున్నాను. మందులు, ఆటో ఖర్చులు, ఎక్స్‌రే అన్నీ కలిపి 7,400 అయింది.

ఇక గొడవ సంగతి.

అమ్మినతను మొదటి రోజు నుంచీ ఒకే మాట మీద ఉన్నాడు. "నా దగ్గర ఉన్నప్పుడు బంగారంలా ఉందండీ, మీ సెటప్పే తప్పు." మాది పూర్తిగా ఒప్పు అని నేను అనను. మావాడు హీట్ మ్యాట్ కొన్నాడు గానీ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కొనలేదు. థర్మామీటరును గాజుకు పైన అంటించాడు. అక్కడ 31 చూపిస్తోంది, పాము పడుకునే చోట కొలిస్తే 26. పైగా అదే గదిలో వాడు ఏసీ వేసుకుని పడుకునేవాడు. డాక్టరు గారిని పామును జబ్బుతోనే అమ్మారని ఒక కాగితం రాసివ్వమని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. "అమ్మా, ఇది లోపల వారాల తరబడి ఉండి బయటపడొచ్చు, బస్సు చలిలో మొదలై ఉండొచ్చు, మీ ఇంట్లోనే వచ్చి ఉండొచ్చు. ఇవాళ ఉన్నది రాయగలను, ఎప్పుడు మొదలైందో రాయలేను" అన్నారు. నిజాయితీ గల మాటే. కానీ ఆ ఒక్క మాటతోనే ఇద్దరి వాదనా గాల్లో నిలబడిపోయింది.

తర్వాత అతను ఒక వీడియో పంపాడు. పాము ఎలుకను మింగుతున్న వీడియో. ఇదిగో, ఇదే పాము, చూడండి ఎంత బాగా తింటోందో అన్నాడు. తారీఖు లేదు. మావాడికి అన్ని పాములూ ఒకేలా కనిపించాయేమో గానీ, నేను డిజైన్ చూసి ఫలానా తానులోది అని చీరను పట్టేసే మనిషిని. ఈ జాతి పాములకు ఒంటి పక్కన గోధుమ రంగు మచ్చలు, వాటిలో నల్ల చుక్కలు ఉంటాయి. ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. మన వేలిముద్రల్లాగే. వీడియోను ఆపి పెద్దది చేసి, మా పాము ఎడమ పక్కను దాని పక్కన పెట్టి చూశాను. మెడ నుంచి మూడో మచ్చలో వీడియో పాముకు రెండు చుక్కలున్నాయి, కళ్లలా. మాదానికి ఒక్కటే, అదీ కిందికి జారి ఉంది. ఆ ఫొటోలు రెండూ పంపించాను. పొరపాటున వేరే వీడియో వచ్చింది, నా దగ్గర చాలా పాములున్నాయి అన్నాడు. కావచ్చు. సరైన వీడియో మాత్రం ఇప్పటిదాకా రాలేదు.

చివరికి ఒక మెట్టు దిగి, పామును వెనక్కి పంపేయండి, డబ్బులు ఇచ్చేస్తాను అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. మా కొట్టులో చిరుగున్న చీర వస్తే నేనూ అదే చేస్తాను, చీర పెట్టు, డబ్బు తీసుకో అంటాను. కానీ చీర మళ్లీ బస్సెక్కితే చచ్చిపోదు. మూడు ఇంజక్షన్లు అయిన పామును మళ్లీ ఆ చలి బస్సులో పన్నెండు గంటలు పంపితే ఏం చేరుతుంది? చచ్చి చేరితే బతికున్నదే కావాలన్నానుగా అంటాడు. నేను పంపను అన్నాను. అయితే మీరే వద్దన్నారు, నాకు సంబంధం లేదు అన్నాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా అన్న సామెత విన్నప్పుడల్లా ఇకమీదట నాకు ఈ సంభాషణే గుర్తొస్తుంది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానన్నాను. దానికి వచ్చిన వాయిస్ మెసేజ్‌ను ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను: "పెట్టుకోండి మేడమ్. ముందు ఫారెస్ట్ వాళ్లు మీ ఇంటికే వస్తారు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టెన్షన్‌తో రెండు రోజులు కొట్టుకు కూడా సెలవు పెట్టాను. తర్వాత మా కొట్టుకు వచ్చే ఒక లాయరు గారిని అడిగి, మావాడి చేత చదివించుకుని తెలుసుకున్నదేమిటంటే, అతను చెప్పింది ఉత్త బెదిరింపు కాదు.

నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన దేశపు పాములను ఇంట్లో పెట్టుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. అది చాలామందికి తెలుసు. బయటి దేశాల జీవాలు మాత్రం చాలా ఏళ్లు ఎవరికీ పట్టని సందులో ఉండిపోయాయి. 2022లో ఆ చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వ్యాపారంలో ప్రమాదంలో పడిన జీవాల కోసం సైటిస్ అనే ఒప్పందం ఉంది. ఆ జాబితాలోని జీవాలను నాలుగో షెడ్యూల్లో చేర్చారు. బాల్ పైథాన్ అందులో ఉంది. 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఇలాంటి జీవం దగ్గరున్నవాళ్లు పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. అప్పటికే ఉన్నవాళ్లకు ఆరు నెలలు, కొత్తగా చేతికి వచ్చినవాళ్లకు 30 రోజులు గడువు. పిల్లలు పుట్టినా, చచ్చినా, చేతులు మారినా చెప్పాలి. ఇందులో ఒక విచిత్రం ఏమిటంటే, అమెరికా నుంచి వచ్చే కార్న్ స్నేక్ సైటిస్ జాబితాలో లేదు. ఒకే దుకాణంలో పక్కపక్క డబ్బాల్లో ఉన్న రెండు పాముల్లో ఒకదానికి ఈ నమోదు కావాలి, రెండోదానికి అక్కర్లేదు. కొనేవాడికి ఈ తేడా ఎవరు చెబుతారు?

మావాడు అడిగినప్పుడు పేపర్స్ తర్వాత పంపిస్తా బ్రో అన్నాడట అమ్మినతను. వాడు నమ్మాడు. నాకు తెలిసేసరికి 30 రోజుల్లో చాలావరకు గడిచిపోయాయి. పోర్టల్ తెరిచి కూర్చుంటే, ఇది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే చూపించడానికి మా దగ్గర అతని ఫోన్ నంబరు, డబ్బు పంపిన రసీదు తప్ప ఇంకేం లేదు. అతని దగ్గర దీని నమోదు నంబరు ఉందో లేదో అడిగితే జవాబు లేదు.

మరోపక్క వినియోగదారుల చట్టం చూస్తే ఎంత చక్కగా ఉందో. 2019 నాటి ఆ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడమే అన్యాయమైన వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అదీ అంతే. (అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని మా కొట్టులో ఉన్న బోర్డు గురించి మా యజమానికి ఈ సందర్భంగా చెప్పాను. ఆయనకు నచ్చలేదు.) మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. రెండేళ్ల వరకు టైముంది. 5 లక్షల లోపు సరుకైతే ఫీజు కూడా లేదు. 1915కి ఫోన్ చేస్తే సలహా చెబుతారు. ప్రాణమున్న జీవిని సరుకు అంటే మనసుకు ఒప్పదు గానీ, చట్టం లెక్కలో ఒకచోటు నుంచి ఇంకోచోటుకు కదిలే ఆస్తి అంతా సరుకేనట. మరి ఇంకేం అనుకున్నాను. లాయరు గారు నవ్వి, "అమ్మా, చట్టానికి విరుద్ధమైన బేరంలో కోర్టు ఏ పక్కనా నిలబడదు. నమోదు కాని పామును కొన్నానని మీరే మొదటి పేజీలో ఒప్పుకుంటూ ఫిర్యాదు ఎలా రాస్తారు?" అన్నారు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. కాగితం ఇవ్వకపోవడం అమ్మేవాడి బద్ధకం అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు, అతనికి అదే కవచం. కాగితం లేకపోతే కొన్నవాడు కూడా తప్పులో భాగస్తుడవుతాడు, నోరు ఎత్తలేడు. జబ్బు పామునైనా, బరువు తక్కువ పామునైనా ధైర్యంగా అమ్మొచ్చు. మా బట్టల వ్యాపారంలో బిల్లు లేకుండా కొంటే పన్ను మిగులుతుందని కొనేవాడూ సంతోషపడతాడు, రంగు వెలిసినప్పుడు ఏడుస్తాడు. ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ వెలిసేది రంగు కాదు.

అమ్మేవాళ్లంతా దొంగలని రాయడం లేదు. మా పేటలో రంగు చేపల కొట్టు కుర్రాడితో మాట్లాడాను. పాములు అమ్మడు గానీ ఆ లోకం తెలిసినవాడు. కొనేవాళ్ల సంగతీ చెప్పాడు. కొత్త పామును రెండు, మూడు నెలలు వేరే గదిలో ఉంచాలని ఎంత చెప్పినా వినరట. తెచ్చిన రోజే పాత పాము పక్కన పెడతారు. పాతదాని ఒంటి మీద ఆవగింజల కన్నా చిన్న నల్ల పురుగులుంటే అవి కొత్తదానికి ఎక్కుతాయి, తిట్లు మాత్రం అమ్మినవాడికి. అలసి వచ్చిన పామును అదే సాయంత్రం మెడలో వేసుకుని రీల్స్ తీస్తారు. పది రోజులకు అది తినడం లేదు, డబ్బులు వెనక్కివ్వండి అంటారు. అతని మాటల్లో మావాడు కూడా అక్కడక్కడా కనిపించాడు నాకు.

అందుకే ఇద్దరికీ పనికొచ్చే ఒక్క పేజీ కాగితం కావాలంటున్నాను. మెడకు రెండు పక్కలా మచ్చలు తెలిసేలా ఫొటోలు, తారీఖుతో. ఇద్దరి కళ్ల ముందు వేసిన తూకం. ఆఖరిసారి ఏం తిన్నది, ఎప్పుడు కుబుసం విడిచింది. పరివేష్ నంబరు. ఇద్దరి సంతకాలు. కొన్న రెండు మూడు రోజుల్లో డాక్టరుకు చూపిస్తే, ఆ రోజు కనిపించిన జబ్బు అమ్మినవాడిది. ఆ తర్వాత వచ్చినది మాట్లాడుకోవాలి. జబ్బుపడిన పామును వెనక్కి పంపమనడం వద్దు, వైద్యం ఖర్చు పంచుకోవడం మేలు. బస్సు డిక్కీలో, క్లీనర్ చేతిలో పంపడం అసలే వద్దు. ఈ పేజీ మా నోటుబుక్కులాంటిదే. డాక్టరు గారు ఆ నోటుబుక్కు చూసి, ఇలా రాసుకొచ్చేవాళ్లను నేను చూడలేదమ్మా అన్నారు. నాకు అది పెద్ద విద్యగా తోచలేదు, రోజూ చేసే పనే.

అధికారులను అడగాల్సింది ఒకటుంది. తెలియక కొని, తెలిశాక తనంతట తానే వచ్చి చెప్పే మనిషిని, తెలిసి అమ్మినవాడితో ఒకే గాట కట్టేస్తారా? 2020లో కేంద్రం ఇలాంటి జీవాలున్నవాళ్లు ఆరు నెలల్లో స్వచ్ఛందంగా చెప్తే కాగితాలు అడగబోమని ఒక అవకాశం ఇచ్చింది. ఇప్పుడు గడువు దాటినవాళ్లకు దారి ఏమిటో విజయవాడలోని అటవీ అధికారులు మీ పత్రిక ద్వారా చెప్తే, భయపడి నోరు మూసుకున్న ఇళ్లు కొన్నయినా బయటికొస్తాయి. దారి లేదని తెలిస్తే కొందరు ఏం చేస్తారో కూడా నేను విన్నాను. రాత్రిపూట బండి మీద కొండపల్లి అడవి వైపు తీసుకెళ్లి వదిలేయమని నాకే ఒకరు సలహా ఇచ్చారు. ఆఫ్రికా పాము అక్కడ చావనైనా చస్తుంది, తన జబ్బును మన పాములకైనా అంటిస్తుంది. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉండనే ఉంది. ఇలాంటి జీవాలకు అక్కడ వారానికో రోజు కేటాయించి, చూసిన ప్రతి పాముకు తారీఖుతో ఒక చీటీ రాసిస్తే సగం గొడవలు ఫోన్లలో కాకుండా ఆ చీటీ మీదే తేలతాయి.

మా పాము బతికింది. గురగుర తగ్గింది. ఏడో ఇంజక్షన్ అయిన పదకొండో రోజు రాత్రి చిన్న ఎలుకపిల్లను తిన్నది. ఆ వారం తూకం 198, నిన్న 226. దాన్ని అమ్మలేను, ఎవరికీ ఇవ్వలేను, ఉంచుకోవడానికి హక్కుందో లేదో తెలియదు. వచ్చే సోమవారం సెలవు పెట్టి అటవీ శాఖ ఆఫీసుకు వెళ్తున్నాను. మావాడు హైదరాబాదు నుంచి వస్తానన్నాడు, కొన్నది వాడు కాబట్టి సంతకం వాడే పెట్టాలి. నోటుబుక్కు, వాయిస్ మెసేజులు, డబ్బు పంపిన రసీదు, ఆ రెండు ఫొటోలు తీసుకెళ్తాను. అక్కడ ఏమన్నారో మళ్లీ రాస్తాను, చోటుంటే వేయండి.

భవానీపురం, విజయవాడ.
(పేరు ప్రచురించవద్దని మనవి. మా యజమానికి ఇంకా పాము సంగతి తెలియదు.)